దీపాలు బయట, బండి లోపల

మూడేళ్ల కిందటి తొలకరి. నరసన్నపేట శివార్లలో మా పెరటి రేకుల షెడ్డే మా పెయింటింగ్ షాపు. రంగు కొట్టే స్ప్రే గన్ మా ఆయన పడతాడు. పుట్టీ రాయడం, నునుపు చేయడం, అద్దాలకు కాగితాలంటించే మాస్కింగ్ నా పనులు.

కళింగపట్నంలో చేపల వ్యాపారం చేసే లచ్చమ్మ తన పాత ట్రాలీ ఆటో తెచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆమె కూతురు గౌరి అందులో రాజాంకు తొలి లోడు తోలాలి. బండి అందకపోతే ఆ బేరం ఇంకొకరి పాలవుతుంది.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది గాని షెడ్డంతా మసకే. రంగు కొట్టేటప్పుడు దాని తడి మెరుపు కనబడాలి. లేకపోతే ఒకచోట పలచనవుతుంది, ఇంకోచోట కారుతుంది. అందుకని ఇంట్లో ట్యూబ్‌లైట్లన్నీ ఊడదీసి బండి చుట్టూ కట్టాం. మా ఆయన రంగులో హార్డెనర్ కలిపాడు. అది కలిపాక రంగు మన కోసం ఆగదు, గిన్నెలోనే గట్టిపడిపోతుంది.

ఒక తలుపుకు రంగు కొట్టాడో లేదో, దీపాలకు ఉసిళ్లు ముసిరాయి. తడి రంగు నిండా రెక్కలే.

"ఏటన్నయ్యా, నీలం రంగు ఎయ్యమంటే నువ్వులద్దినావు?" అంది లచ్చమ్మ.

"నవ్వకు సెల్లీ. దీపం తీస్తే నాకు కనబడదు, ఎడితే ఇయి ఒగ్గవు," అన్నాడు మా ఆయన.

నాకు తోచింది చెప్పాను. "దీపాలు బయటెడదాం. మజ్జిన కట్టడానికి అద్దంలాటి కవరుంటే సాలు."

"నా బండిలో ఉన్నాది గదొదినా, ఎండు సేపల మీద కప్పేది."

"కంపు కొట్టదేటి?"

"కొడతాది. మీ రంగు కంపుకన్నా నయమే."

గిన్నెలో రంగు గట్టిపడకముందే కవరు కడిగి తుడిచి బండి చుట్టూ గుడారంలా కట్టాం. రంగు పొగ పోవడానికి వెనక దోమతెర వేశాం. దీపాలను బయట స్టూళ్లకు, నిచ్చెనకు పక్కవాటంగా కట్టాం. మా ఆయన పాడైన తలుపును థిన్నర్‌తో తుడిచి మళ్లీ మొదలెట్టాడు. ఉసిళ్లు కవరు బయటే కొట్టుకుంటున్నాయి. కాసేపటికి లోపలి నుంచి ఆయన గొంతు వినబడింది.

"ఒసే, పక్కనుంచి ఎలుతురు పడితే ఇంత బాగా కనబడతాదని ఇన్నాళ్లూ ఎవులూ సెప్పనేదేటే?"

పొద్దున్న గౌరి బండి చుట్టూ తిరిగి చూసుకుంది. "అమా, తలుపులో నా మొకం కనబడతన్నాది."

"మొకం తరవాత సూద్దువు గాని, ముందు రోడ్డు సూడు," అంటూ లచ్చమ్మ పక్కనెక్కి కూర్చుంది. చేపల లోడు వేళకే బండి కదిలింది.

దీపం పనికి ఎంత దగ్గరుంటే అంత మేలని అంతవరకూ అనుకునేవాళ్లం. ఇప్పుడు మా షెడ్డులో రంగు కొట్టే గుడారం లోపల ఒక్క దీపమూ లేదు. అన్నీ బయట నిలబడి వెలుగు మాత్రం లోపలికి పంపుతాయి.