సిపాయిల బంగ్లాకు సామాను

యుద్ధంలో దెబ్బతిన్న సిపాయిల విశ్రాంతికని సర్కారు గ్రాంటు ఇస్తే, శామీర్‌పేటలో మా పటేల్ తన మామిడితోట పక్కనే బంగ్లా కట్టించాడు. అందులో ఒక్క సిపాయి నడుం వాల్చిన పాపాన పోలేదు. వచ్చీపోయే అధికారులే పడుకునేవారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాయిన బర్మా పోరులో మోకాలు పోగొట్టుకుని వచ్చినవాడు. ఉత్తచేతులతో కుంటుతూ నడిచేవాడు గానీ, బరువెత్తితే కూలబడేవాడు. ఆయన పింఛను అర్జీ విచారించడానికి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. నాయిన తల్లి, మా అవ్వ, ఆ ఆదివారమే చర్చిలో లేచి దేవుడికి కృతజ్ఞత చెప్పేసింది. తిండిగింజలకు వెతుక్కునే ఇల్లు మాది, ఆ మాత్రం తొందర ఉండదా!

ఆ రోజుల్లో ఊరికి ఎవరు వచ్చినా సామాను మా వాడకట్టువాళ్లే వెట్టిగా మోయాలి. ఇంటికొక వంతు. ఆ పొద్దు వంతు మాదే. మేడ్చల్ స్టేషన్ నుంచి ఎడ్లబండిలో వచ్చిన ఇనుపపెట్టెను మా వాడ మొదట్లో దించారు. అక్కణ్ణుంచి బంగ్లా దాకా బండి దారి లేదు. పటేల్ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏందిరా, జల్దీ ఎత్తు. మోసినవంటే సాబ్‌కు నీ గురించి మంచిగ చెప్త."

"మోస్తే నా కాలు మంచిగున్నట్టే గదా పటేలా," అన్నాడు నాయిన.

"మోయకుంటే నీ అర్జీకి నేను సాక్ష్యం చెప్ప. ఇగ నీ ఇష్టం."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పెళ్లీడు పిల్లను, బలమున్నదాన్ని, నేను మోస్తానని లేచాను. అవ్వ నా జబ్బ పట్టి కూర్చోబెట్టింది.

"కూసో బిడ్డా. ఇయ్యాల నువ్వు మోస్తే, రేపు నీ బిడ్డ మోస్తది."

నాయిన కుంటుతూ పెట్టె దగ్గరికి వెళ్లాడు. ఎత్తుతాడనుకున్నాం. దాని మీద కూర్చుని, మడతపడని కాలు చాపుకున్నాడు. పటేల్ ఎదుట మావాళ్లు చెప్పులేసుకుని నిలబడటానికే జంకే కాలం అది! వాడ వాడంతా నోరెళ్లబెట్టింది.

అంతలో అధికారి వచ్చాడు. "దిమాక్ జాస్తయింది సాబ్ వీనికి. కాలుకు ఏం గాలే," అన్నాడు పటేల్. పెట్టె బంగ్లాకు చేరిస్తేనే అర్జీ చూస్తానన్నాడు అధికారి.

నాయిన లేచి సెల్యూట్ కొట్టాడు.

"సాబ్, గా బంగ్లా మా సిపాయిల పేరు మీద కట్టిండ్రు. అండ్ల పండుకోమంటే వస్త. సామాను మోయనీకి రాను."

చివరికి ఒక పక్క అధికారి వెంట వచ్చిన బంట్రోతు, ఇంకో పక్క పటేల్ ఆ పెట్టె పట్టుకుని పోయారు. నాయిన కాలు బాగానే ఉందని రాసి పింఛను అర్జీ కొట్టేశారు. నేను కోపంతో ఏడ్చాను. నాయిన మాత్రం ఆ పూట గంజి రెండుసార్లు పోయించుకుని తాగాడు.

తర్వాత మరో అధికారి వచ్చాడు. వంతు పక్కింటిది. ఆ ఇంటాయన రెండు కాళ్లూ బాగున్నవాడే, అయినా కదల్లేదు. ఆ పక్క ఇల్లూ కదల్లేదు. పటేల్ వాడ మధ్య నిలబడి అరిచాడు.

"మరి సామాను ఎవడు మోస్తడురా?"

అవ్వ చేటలో జొన్నలు చెరుగుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"ఎవ్వల సామాను ఆళ్లే మోసుకుంటరు పటేలా."