మైనం పూసిన జీపు

మొన్న ఆదివారం మా పిల్ల నా ఫోను పట్టుకుని వరండాలోకి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, మావయ్య జీపు నీట్లో ఎలాగెల్తన్నాదో సూడు" అంది. ఎవరో పెట్టిన పాత వీడియో. బోనెట్టు మునిగేంత నీళ్లు, గట్టు మీద జనం ఈలలు, స్టీరింగు ముందు మా బావ, అంటే మా ఆవిడ అన్న. ఆ జీపుని నీళ్లకి తయారుచేసింది నేనే గనక ముందు ముచ్చటపడ్డాను.

నలభై దాటాక మాకు బిడ్డ యోగం పట్టింది. మాది శృంగవరపుకోటకి ఎగువన, కొండల వార ఊరు. ఊరికీ తారురోడ్డుకీ మధ్య గెడ్డ. పైన వాన పడిందంటే అది చెప్పాపెట్టకుండా పొంగుతుంది, అంబులెన్సు అవతలి గట్టునే ఆగిపోతుంది. కోటలో ఉండే బావ దగ్గర మా మావగారి పాత పెట్రోలు జీపుంది. "నానున్నాను గదా బావా, సెల్లిని నా సేతుల్తో దాటిస్తాను" అన్నాడు. ముందుగానే కోటకి వెళ్లిపోదామంటే, "అన్న ఉన్నాడు, జీపున్నాది, కంగారేటి" అని మా ఆవిడే కదల్లేదు.

ఆ వేసవంతా నేను బావ పెరట్లో జీపు కిందే ఉన్నాను. డీజిలు బండికి ఇంత తంటా లేదు. పెట్రోలు ఇంజనుకి నిప్పురవ్వ కావాలి, రవ్వకి నీళ్లు పడవు. గాలి పీల్చే గొట్టాన్ని అద్దం పైదాకా ఎత్తాను. పొగగొట్టాన్ని వెనకాల నిలువుగా నిలబెట్టాను. మా అత్తగారు అది చూసి వంటింటి పొగ కూడా అందులోంచే పంపమంది. నీట్లోకి దిగేముందు ఫ్యాను బెల్టు విప్పాలని, లేకపోతే ఫ్యాను నీళ్లని ఇంజను మీదకే చిమ్ముతుందని బావ చేత వల్లెవేయించాను. ఇక రవ్వని పంచే డిస్ట్రిబ్యూటరు మూత, ప్లగ్గుల వైర్లు. అందరూ గ్రీజు రాస్తారు. నేను కోట సంతలో కొండవాళ్లు అమ్మే తేనెమైనం తెచ్చి, కరిగించి, అతుకులన్నిటికీ వేళ్లతో పట్టించాను. "ఇంజను వేడికి కరిగిపోదేటి?" అని బావ నవ్వాడు.

నొప్పులొచ్చిన రోజు గెడ్డ పొంగి ఉంది. బావకి ఫోను చేశాను. "నిన్న ట్రైలేసినాను బావా, నీ మైనం కరిగిపోనాది, లోనికి నీళ్లెల్లిపోనాయి. బండి ఉలకదు, పలకదు" అన్నాడు. ఊరివాళ్లు నులకమంచం భుజాలకెత్తుకుని ఛాతీలోతు నీళ్లలో ఆవిడని దాటించారు. తలవైపు కోడు నా భుజం మీద. నడిమధ్యలో మంచం ఒరిగింది; ఆవిడ అరవలేదు, నా జుట్టు పట్టుకుంది. అవతలి గట్టు మీద, గొడుగుల కింద మా పిల్ల పుట్టింది. ఆనాటి చలి ఆవిడ నడుంలోంచి ఇంకా పోలేదు.

తరవాత బావకి నేనే క్షమాపణ చెప్పుకున్నాను. "పోన్లే బావా, పనితనం అందరికీ రాదు" అని ఓదార్చాడు మహానుభావుడు. చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్లో కూర్చోవాలి గనక ఆ ఒళ్లోనే కూర్చోబెట్టాం. పిల్ల ఏడిస్తే ఆయనా కళ్లు తుడుచుకున్నాడు.

వీడియోలో జీపు గట్టెక్కింది. ఎవడో మైకు పట్టుకొచ్చి, పెట్రోలు బండి అంత నీట్లో ఎలా ఆగలేదని అడిగాడు. బావ బోనెట్టు ఎత్తి చూపించాడు. పచ్చగా, నా వేలిముద్రలతో సహా, మైనం. "నా బుర్రేనండి" అన్నాడు. పోటీలో గెలిచిన కప్పు పైకెత్తి, "ఇయ్యాల మా సెల్లికి నొప్పులొస్తన్నాయి. ఇది పుట్టబోయే బిడ్డకే" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, మా పిల్లా కొట్టింది.

నమ్మించి గొంతు కొయ్యడం అంటారే, అది. ఒళ్లు మండిపోయింది నాకు. ఎప్పుడొచ్చిందో, మా ఆవిడ నా వెనకాల నిలబడి ఉంది. అంతా వింది.

"అయితే మైనం కరగనేదన్నమాట" అంది, నా మొహంలోకి చూస్తూ.

ఇన్నేళ్లలో ఆవిడ నన్నెప్పుడూ తప్పుపట్టలేదు, పెద్ద మనసనుకున్నాను. లోపల నా పనితనానిదే తప్పనుకుంటూ నా పక్కన గడిపిందని అప్పుడు తెలిసింది. బావ దాచుకున్నది ఒక్క పూట జీపునే. పట్టుకుపోయింది మాత్రం మా ఇన్నేళ్లనీ.