బరువూ గాలీ

పక్కింటికి రంగులు వేసేవాళ్లు అల్యూమినియం నిచ్చెనను గోడకు ఆనించినప్పుడు ఖంగుమని బోలు మోత వచ్చింది. ఫోన్‌లోంచి తలెత్తాను. ఆ మోత వింటే నాకు శ్రీకాకుళం ఆఫీసూ, మా ఇంజనీరు అప్పలస్వామి గారూ గుర్తొస్తారు.

అరవైల చివరి రోజులు. హైదరాబాదులో పెరిగి కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. ముక్కుమీద కోపం. విశాఖ పెద్దాఫీసుతో మాట్లాడే నెపంతో టెలిఫోను ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. తుఫాను కబురు ముందే అందేలా భావనపాడులో వైర్‌లెస్ స్తంభం నిలబెట్టాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని బోలు అల్యూమినియం గొట్టం ఎంచుకున్నాం. దాని మీదికెక్కి పరికరం బిగించాల్సినవాడు మా ఆఫీసు పనివాడు రాములు. సోమవారానికి పని అయిపోతుందని నేను ఫోన్‌లో మాటిచ్చేశాను.

నా లెక్కలు చూసి అప్పలస్వామి గారు చుట్ట పక్కన పెట్టారు.

"బరువుకి ఆగుతాది. గాలికీ ఆగుతాది. రెండూ ఒక్కసారే వస్తే ఏటవుతాదయ్యా?"

"చుట్టూ తీగలు లాగి కడతాం కదా సార్! ఇంకా బిగిస్తే సరి" అన్నాను విసుగ్గా.

"తీగ బిగించినకొద్దీ గొట్టాన్ని కిందికి నొక్కుతాది. గాలికి ఆసరా ఇస్తన్నాననుకుని దాని నెత్తిన బస్తాలు పెడతన్నావు నువ్వు."

మిగులు గొట్టం ఒకటి ఆఫీసు పెరట్లో పాతించారు. పైకొసకు ఇసుక బస్తాలు వేలాడదీస్తే నిలిచింది. బస్తాలు దింపి తాడుతో పక్కకు లాగితే కాస్త వంగి, వదలగానే నిటారుగా నిలిచింది. "చూశారా!" అన్నాను. ఆయన బస్తాలు మళ్లీ ఎక్కించి, ఆ తాడునే అంతే బలంగా లాగించారు. గొట్టం ఒక పక్క రేకు డబ్బాలా చొట్టపడి, అక్కడే మడతపడి ఒరిగిపోయింది.

రాములు దాని పక్కన గొంతుక్కూర్చుని చొట్టలో బొటనవేలు పెట్టి చూశాడు. "సోమారం మా ఇంటిది కోడికూర వండతానన్నాది బాబూ. బతికిపోనాను, తింటాను" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ మధ్యాహ్నమే విశాఖ నుంచి ఫోను. సోమవారానికి కాదని చెప్పగానే అవతల పెద్దాయన అరవడం మొదలుపెట్టాడు. నేనూ అరవబోతుంటే అప్పలస్వామి గారు నా చేతిలోంచి రిసీవరు తీసుకున్నారు. "ఆలీసం నాదండి. మందం గొట్టం పంపండి. అదొచ్చాకే మావోడు ఎక్కుతాడు." అటునుంచి వచ్చిన తిట్లన్నీ నెమ్మదిగా విని రిసీవరు పెట్టేశారు.

"మాటిచ్చింది నేను. మీరెందుకు పడ్డారు సార్?"

"తిట్లకి మనిసి ఒరిగిపోడులే. పద, టీ తాగొద్దాం."

మందం గొట్టం వచ్చింది. భావనపాడులో రాములు దాని మీదికి ఎక్కుతుంటే ఆయన దూరంగా నిలబడలేదు. గొట్టానికి అరచెయ్యి ఆనించి, "నీ సెయ్యీ పెట్టు" అన్నారు. పెట్టాను. రాములు వేసే ఒక్కో అడుగూ, సముద్రం మీంచి వచ్చే గాలి తోపూ కలిసి నా అరచేతిలో సన్నగా వణికాయి. "దీన్ని గుర్తెట్టుకుని లెక్క రాయి" అన్నారాయన.

తర్వాత చాలా లెక్కలు రాశాను. ఇప్పటికీ కుర్ర ఇంజనీర్లు ఎవరైనా తమ లెక్క చూడమంటే, సరేననే ముందు బల్ల మీద అరచెయ్యి ఆనిస్తాను. పైన ఎవరో ఎక్కుతున్నట్టే ఉంటుంది.