తొంభై రోజుల లెక్క

గౌలిపురలో మా గోడ అవతలి ఇల్లు ప్రేమ్‌రాజ్‌ది. నల్లా నీళ్లు వదిలే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య రాజమణి ఉన్నన్నాళ్లూ అతనికి ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు.

పాత బర్రెల కొట్టం జాగాలో రాజమణి ఏటా గ్లాడియోలస్ పెంచేది. క్రిస్మస్‌కు వాళ్ల చర్చిలో ఆ ఎర్రటి పూలకాడలు నిలబడాల్సిందే. పూలైపోయి ఆకులెండాక గడ్డలు తవ్వి, ఉల్లిగడ్డల సంచిలో కట్టి వంటింట్లో మేకుకు తగిలించేది.

"మళ్లెప్పుడు పెడ్తవే?" అని గోడ మీంచి అడిగేదాన్ని.

"గణపతులు నీళ్లల్ల పడ్డంక, వదినా!"

మా గణపతి పేరెత్తి ఎగతాళి చేస్తోందనుకునేదాన్ని. నాటిన నాటి నుంచి పువ్వు విచ్చేదాకా నేనే లెక్కపెట్టి తొంభై రోజులని తేల్చుకున్నాను.

మొన్న మార్చిలో రాజమణి గుండె ఆగి పోయింది. జూలై చివర్లో ప్రేమ్‌రాజ్ ఆ సంచి పట్టుకుని గోడ దగ్గరికొచ్చాడు.

"అక్కా, నవంబర్ రెండున సమాధుల పండుగ. దాని సమాధి మీద దాని పూలే పెట్టాలె. ఎన్ని దినాలు పడ్తది?"

"తొంభై. నేనే లెక్కవెట్టిన తమ్మీ."

"నీ కన్నెప్పుడూ మా ఇంటి మీదనేనా!" చాలా రోజులకు నవ్వాడు.

ఆగస్టు మొదట్లో సంచంతా నాటేశాడు, ఒక్క గడ్డ మిగల్చలేదు. జానెడు మొలకలు లేచాయి. అంతలో వానలు పట్టుకున్నాయి. కొట్టం జాగాలో నీళ్లు పోయే దారి లేదు. టార్పాలిన్ కట్టాడు, చెంబుతో తోడాడు. అయినా ఆకులు పసుపుబారాయి. ఒకటి లాగితే ఊడి చేతికొచ్చింది. కింద గడ్డ కుళ్లి, మెత్తటి ముద్దయిపోయింది. మిగతావీ అంతే.

నిమజ్జనం నాడు గల్లీ చివర డప్పులు మోగుతుంటే రాజమణి మాట నాకప్పుడర్థమైంది. పెద్ద వానలు వెనకపట్టాక నాటితే గడ్డ కుళ్లదు, ఆ తర్వాతి చలికి కాడ సాగుతుంది. నేను రోజులు లెక్కపెట్టాను. ఆమె కాలాన్ని చూసింది.

"తప్పు నాది తమ్మీ," అన్నాను.

"నువ్వు గోడ మీదికెల్లన్న అడిగినవ్ అక్కా. ముప్పై ఏండ్లు ఒక్కింట్ల ఉండి నేను గదీ అడగలె."

సమాధుల పండుగకు బంతిపూలు కొనిస్తానంటే వద్దన్నాడు. కొవ్వొత్తులు మాత్రమే వెలిగించి వచ్చాడు. క్రిస్మస్‌కూ పూలు లేవు.

ఆ ఖాళీ సంచి ఇంకా మేకుకే ఉంది. ప్రేమ్‌రాజ్ ఉల్లిగడ్డలు కింద గంపలో పోసుకుంటున్నాడు.