తమ్ముడి కోసం బ్యాంకు మీద కేసు వేసిన వరలక్ష్మక్క

నిన్న పొద్దున బావ ఫోన్ చేసి, "మీ అక్క లేదురా" అన్నాడు.

"ఎక్కడికెళ్ళింది బావా?" అని అడిగాను.

అవతల ఏడుపు వినిపించాక గానీ నాకు అర్థం కాలేదు.

చేపల మార్కెట్‌లో బేరం చేస్తూ చేస్తూనే కూలబడిపోయిందట. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

వరలక్ష్మక్క మా పెద్దనాన్న కూతురు. కైకలూరులో బావా, తనూ చేపల వ్యాపారం చేసేవాళ్ళు. పెద్దమ్మ తొందరగా పోవడంతో తమ్ముడు శ్రీనుని అక్కే పెంచింది. పెళ్ళయ్యాక తనతోపాటు అత్తారింటికి తెచ్చుకుంది.

బ్యాంకు మీద కేసు గెలిచిన మనిషిగా మీలో చాలామందికి అక్క తెలుసు. ఆ కేసు ఎందుకు వేసిందో కొందరికే తెలుసు.

చేపల చెరువు లీజు కోసం అక్క దాచుకున్న డబ్బు మొత్తం విజయవాడలోని ఒక ఏటీఎం నుంచి ఎవరో తీసేశారు. కార్డేమో ఇంట్లో బీరువాలోనే ఉంది.

బ్యాంకుకి పరిగెత్తితే మేనేజర్ గారిది ఒకటే మాట.

"మీ కార్డు, మీ పిన్ నంబరు. మెషిన్ తప్పు చెయ్యదమ్మా. మీ ఇంట్లోవాళ్ళనే అడిగి చూడండి."

ఆ పిన్ నంబరు అక్క కాక తెలిసినవాడు శ్రీను ఒక్కడే. మెషిన్ వాడటం అక్కకి నేర్పింది వాడే. పైగా డబ్బు పోయిన రోజు ఐస్ బాక్సులు కొనడానికి వాడు విజయవాడ వెళ్ళాడు.

ఇంకేముంది. "కార్డు తీసుకెళ్ళి, పని కానిచ్చుకుని, మళ్ళీ బీరువాలో పెట్టేశాడు" అని బావ తేల్చేశాడు. నా గడప తొక్కొద్దన్నాడు.

శ్రీను వాదించలేదు. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. హనుమాన్ జంక్షన్‌లో చేపల లారీ మీద పనికి కుదిరాడు.

అక్క ఒక్కతే నమ్మలేదు. "ఆకలేస్తే కూడా అడగడానికి మొహమాటపడే పిల్లోడు. వాడు తీశాడంటే నేనెట్టా నమ్ముతానురా?" అంది నాతో.

వినియోగదారుల ఫోరంలో లాయర్ లేకుండా మనమే కేసు వేసుకోవచ్చని ఎవరో చెప్పారు. వేసింది. వాయిదా ఉన్న రోజు మార్కెట్ పని ముగించుకుని, బస్సెక్కి విజయవాడ వచ్చేది. బట్టల్లో చేపల వాసన ఉండేది. బ్యాంకు లాయర్ గారు లేచి వేరే బెంచీ మీదికి మారేవారు. అక్క అటు చూసేదే కాదు.

కెమెరా రికార్డింగ్ ఇవ్వమంటే బ్యాంకు వాళ్ళు ఎప్పుడూ ఏదో సాకు చెప్పేవాళ్ళు. ఒకసారి విసుగొచ్చి ఫోరం జడ్జి గారు, "మీకేం కావాలమ్మా, డబ్బేగా?" అన్నారు.

"డబ్బు నాదేనండీ, అది ఎట్టాగూ ఇవ్వాలి. తీసిందెవడో చూపించండి. మా ఇంట్లో ఒకడు దొంగయిపోయాడండీ."

నేను పక్కనే ఉన్నాను. జడ్జి గారు పెన్ను పక్కన పెట్టి బ్యాంకు లాయర్ వైపు తిరిగారు.

ఫోరం గట్టిగా ఆదేశించాక రికార్డింగ్ బయటికొచ్చింది. అందులో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు. అక్క ఎప్పుడో వాడిన మెషిన్‌కి ఏదో పరికరం తగిలించి, కార్డు వివరాలు, పిన్ నంబరు కాపీ చేసి, దొంగ కార్డు తయారుచేశారట. అదే మెషిన్ మీద అంతకుముందే వేరేవాళ్ళ కంప్లయింట్లు కూడా ఉన్నాయి.

బ్యాంకుకి తెలుసు. తెలిసి కూడా "మీ ఇంట్లోవాళ్ళని అడగండి" అన్నారు.

తీర్పు అక్క వైపు వచ్చింది. డబ్బు వచ్చింది. పేపర్లో ఫోటో కూడా పడింది.

అక్క ఆ తీర్పు కాగితం పట్టుకుని హనుమాన్ జంక్షన్ వెళ్ళింది. శ్రీను పూర్తిగా చదివి మడిచి ఇచ్చేశాడు.

"కోర్టు చెప్తే గానీ నేను మంచోణ్ణి కాలేదన్నమాట. నువ్వు వెళ్ళక్కా, బస్సు వెళ్ళిపోద్ది."

తర్వాత బావ వెళ్ళి బతిమాలినా రాలేదు. అక్క ఎప్పుడైనా వెళ్ళి చూసొచ్చేది. ఏ పండక్కీ వాడు ఆ ఇంటికి రాలేదు.

నిన్న సాయంత్రం వచ్చాడు.

లోపలికి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. పాడె లేపేటప్పుడు బావ వాడి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. వాడు చెయ్యి విడిపించుకుని వచ్చి ముందు వైపు భుజం పెట్టాడు. పక్కన బావ. కాలవగట్టు దాకా ఇద్దరూ కలిసే మోశారు.

కట్టె అంటుకున్నాక శ్రీను లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

అక్కా, నీ వంతు నువ్వు చేసేశావు. ఇంక ఎవరి తరఫునా వాదించక్కర్లేదు.

హాయిగా నిద్రపో.