ఎర్ర రబ్బరు బ్యాండు

ఆ వీధిలో అందరూ ఆమెను సాసమ్మ అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. ఆమె కూడా పలుకుతుంది. ఆమె పొయ్యి మీదికి ఎక్కేవన్నీ సాసులూ విదేశీ వంటలూ మరి. బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ గుడ్లలో కలిపి మందంగా కాల్చే స్పెయిన్ ఆమ్లెట్, గరిటె ఆపకుండా తిప్పుతూ ఉడికించే ఇటలీ అన్నం, పసుపుపచ్చ సాసులో కోడిమాంసాన్ని పీచుపీచుగా తుంచి వేసే పెరూ కూర. ఇవన్నీ పుస్తకాలు చూసి నేర్చినవి కావు. ఓడల కంపెనీ గెస్ట్‌హౌస్‌లో పదకొండేళ్లు గిన్నెలు తోమింది. అక్కడి ముగ్గురు వంటవాళ్లవీ మూడు దేశాలు, ఒకరి భాష ఇంకొకరికి రాదు. అయినా తిట్టుకోవడానికి ఏ లోటూ రాలేదు. వాళ్లు తిట్టుకుంటూ వండుతుంటే ఈమె తోముతూ నేర్చుకుంది. గెస్ట్‌హౌస్ మూతపడ్డాక ఇంటి నుంచే మధ్యాహ్నం భోజనాలు పంపడం మొదలుపెట్టింది.

అంతా బాగానే ఉండేది. మూడు నెలల కిందట జ్వరం వచ్చింది. వారం రోజులకు జ్వరమైతే పోయింది కానీ, పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది.

మొదటి రోజు పొయ్యి మీద వెల్లుల్లి నల్లగా మాడిపోయి పొగలేస్తోంటే, పక్కనే నిలబడి కూడా ఆమెకు తెలియలేదు. అత్తగారు అవతలి గదిలోంచి దగ్గుకుంటూ వచ్చి, "ఏంటమ్మాయ్, ఇల్లు తగలబెడతావా?" అంది. "మంట ఎక్కువైంది అత్తయ్యా," అని అబద్ధమాడింది. ఆ రోజు మొదలైన అబద్ధం ఇంకా సాగుతూనే ఉంది. వాసన తెలియని వంటమనిషి దగ్గర ఎవరు కొంటారు? అందుకని మొగుడికి చెప్పలేదు, అత్తగారికి చెప్పలేదు, డాక్టరుకు కూడా చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

వంట మాత్రం ఆగలేదు. ఉల్లిపాయలు వేగడానికి గడియారం చూసేది. వెల్లుల్లికి రంగు చూసేది. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తెలుస్తాయి కాబట్టి వాటితో గడిచిపోయేది. రుచి బాగుందని ఎవరైనా అంటే నవ్వేది. వెంటనే మాట మార్చేది.

అన్నిటికన్నా పెద్ద భయం గురువారాలది. గురువారం టైలరు దుకాణానికి పెరూ కూర వెళ్లాలి. ఆ కూరకు ప్రాణం వాల్‌నట్లు. పాలలో నానబెట్టిన బ్రెడ్డుతో కలిపి మెత్తగా రుబ్బితే పంటికి కూడా తగలవు. టైలరుకు అదంటే ప్రాణం. అతని చెల్లెలు కూడా ఇష్టంగానే తింటుంది, కానీ వాల్‌నట్టు ఆమెకు పడదు. చిన్నప్పుడు ఒక్క ముక్క తిని గొంతు వాచిపోయి, ఊపిరాడక ఆస్పత్రిలో పడింది. అందుకే ఆమెకు వాల్‌నట్లు లేకుండా వేరే గిన్నెలో చేస్తుంది. రెండు కూరలూ చూడటానికి అచ్చంగా ఒకటే. ముక్కు ఉన్నన్నాళ్లూ మూత తీస్తే చాలు, ఏది ఏదో తెలిసిపోయేది. ముక్కు పోయాక వాల్‌నట్లున్న డబ్బాకు ఎర్ర రబ్బరు బ్యాండు వేయడం మొదలుపెట్టింది. బ్యాండున్నది టైలరుకు, లేనిది చెల్లెలికి అని మాత్రం దుకాణంలో చెప్పింది కానీ, ఎందుకేస్తోందో ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? చెప్పాలంటే ముక్కు సంగతి కూడా చెప్పాలిగా!

ఆ గురువారం కూరలు రెండూ కొత్త డబ్బాల్లో పోసింది. నాలుగు వైపులా క్లిప్పులుండే గట్టి డబ్బాలు. వాల్‌నట్ల డబ్బాకు బ్యాండు వేసి, రెండో డబ్బాను కిటికీ వైపు పెట్టి, తడి బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లింది. పావుగంటలో కిందికొచ్చి చూస్తే టేబుల్ మీద డబ్బాలు రెండూ ఉన్నాయి, బ్యాండు మాత్రం లేదు.

'వేశానా, వేశాననుకున్నానా?' మూతలు తీసింది. రెండూ ఒకటే పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుంది. వేడి ఆవిరి తగిలిందంతే. చెంచాతో నాలుక మీద వేసుకుంది. ఉప్పు తెలిసింది, కారం తెలిసింది. వాల్‌నట్టు జాడ ఎందులోనూ లేదు.

కింద సైకిలు గంట మోగింది. డబ్బాలు చేరవేసే ఆయన రిటైరైన పోస్ట్‌మాను. ఆలస్యాన్ని ముప్పయ్యేళ్లు క్షమించనివాడు ఇప్పుడు మాత్రం క్షమిస్తాడా? మళ్లీ గంట కొట్టాడు.

అవతలి గదిలో అత్తగారు ఉంది. "అత్తయ్యా, ఇది కాస్త వాసన చూడండి" అంటే అయిపోయేది. అదీ కాకపోతే రెండూ పారబోసి, నాలుగు గుడ్లు కొట్టి ఆమ్లెట్టు పంపినా సరిపోయేది. కానీ పరువుందే, అది మహా చెడ్డది! ఎదురుగా మనిషి ప్రాణం ఉన్నా ముందు తన సంగతే చూసుకోమంటుంది. 'లేనిది కిటికీ వైపు పెట్టాను, నాకు బాగా గుర్తు' అనుకుని, అవతలి డబ్బాకు కొత్త బ్యాండు వేసి పంపేసింది.

సైకిలు మలుపు తిరిగింది. అత్తగారు చేతులు తుడుచుకుంటూ వంటగదిలోకి వచ్చింది.

"డబ్బాలు వెళ్లాయా? టేబులంతా జిడ్డు కారుతోందని ఇందాకే తుడిచాను. క్లిప్పులున్న డబ్బాకి మళ్లీ రబ్బరు బ్యాండెందుకమ్మాయ్, దండగ కాకపోతే! తీసి దాచాను." చెయ్యి చూపించింది. గాజుల పక్కన ఎర్ర బ్యాండు.

సాసమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "తుడిచేటప్పుడు డబ్బాలు కదిపారా?"

"కదపకుండా ఎలా తుడుస్తారు? ఎత్తి పక్కన పెట్టి, మళ్లీ పెట్టాను."

"ఏది ఎటు పెట్టారు అత్తయ్యా?"

"ఏమో! రెండూ ఒకటేగా."

ఫోను అందుకుంది. టైలరు దుకాణంలో మూడు మిషన్లు ఒకేసారి నడుస్తుంటాయి, ఫోను మోగితే వాళ్లకు దేవుడే చెప్పాలి. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. చెప్పులేసుకోవడం కూడా మరిచి బయటికి పరుగెత్తింది. వెనక నుంచి అత్తగారు "ఏమైందే? ఏమైంది?" అని అరుస్తూనే ఉంది.

మూడు వీధులు. ఎండకు రోడ్డు కాలిపోతోంది. గొంతు వాచిపోయి, కళ్లు తేలేసిన ఆ పిల్ల ముఖం అడుగడుక్కీ కనిపిస్తోంది. కూరగాయల బండి అడ్డొచ్చింది, తోసుకుంటూ పోయింది. "కళ్లు కనపడవా?" అన్నాడు బండివాడు. బ్యాంకు గోడ దగ్గర పక్కటెముకల్లో పోటు పట్టేసింది. ఖాళీ సైకిలు మీద పోస్ట్‌మాను ఎదురొచ్చాడు.

"ఇచ్చేశారా?"

"ఇవ్వక! సరిగ్గా టైముకిచ్చాను," అన్నాడు గర్వంగా.

దుకాణం మెట్లెక్కేసరికి ఆమెకు ఊపిరాడటం లేదు. టైలరు గుండీలు కుడుతున్నాడు. అతని చెల్లెలు మిషను మీద బట్ట పక్కకు నెట్టి, డబ్బా మూత తీసి, చెంచా ముంచింది.

"తినొద్దు!"

మిషన్లన్నీ ఆగిపోయాయి. చెంచా గాల్లోనే ఉండిపోయింది.

"ఏంటక్కా? ఏమైంది?" అంది ఆ అమ్మాయి.

"అది... ఏ డబ్బానో నాకు తెలీదు. బ్యాండు మారిపోయిందేమో. అన్నయ్యా, మీరొకసారి వాసన చూడండి. నాకు... నాకు వాసన తెలియట్లేదు."

టైలరు లేచాడు. ముందు బ్యాండున్న డబ్బా వాసన చూశాడు. తర్వాత చెల్లెలి చేతిలోది తీసుకుని చూశాడు. చూసి, దానికి మూత పెట్టి, నాలుగు క్లిప్పులూ ఒక్కొక్కటే నొక్కాడు.

"వాల్‌నట్లు ఇందులో ఉన్నాయి," అన్నాడు.

సాసమ్మ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ అమ్మాయి చెంచాను కాగితంలో చుట్టి అవతల పెట్టింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. తర్వాత వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎప్పట్నుంచి అక్కా, వాసన తెలియట్లేదు?"

"మూడు నెలలైంది."

ఆ అమ్మాయి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "అంటే పన్నెండు గురువారాలు నేను తిన్నాను," అంది. అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే బాగుండేదని సాసమ్మ ఈనాటికీ అనుకుంటుంది.

ఇంటికొచ్చి అత్తగారికి అంతా చెప్పింది. ఆవిడ తన చేతికున్న ఎర్ర బ్యాండు తీసి, అది కాలుతున్నట్టు టేబుల్ మీద పడేసింది. "నేనే కదే తీసింది! ఆ పిల్లకేమైనా అయ్యుంటే..." అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరు తీసింది ఉత్త రబ్బరు బ్యాండు అత్తయ్యా. పక్క గదిలో మీరుండగా అడగకుండా పంపింది నేను."

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లింది. వాసన మళ్లీ తెలియవచ్చు, తెలియకపోవచ్చు అన్నాడాయన. వాల్‌నట్ల సీసా ఇంట్లోంచే పోయింది. భోజనం తీసుకునే ప్రతి ఇంటికీ తనే వెళ్లి, తన ముక్కు సంగతి తన నోటితోనే చెప్పింది. సగం మంది మానేశారు. మిగతా సగం కోసం అత్తగారు పొయ్యి పక్కన స్టూలేసుకుని కూర్చుని, ప్రతి గిన్నెనూ వాసన చూస్తుంది. "మాడుతోందే మొద్దూ, దించు!" అని అరుస్తుంది. ఆ అరుపు ఇప్పుడు సాసమ్మకు ఎంతో హాయి.

టైలరు దుకాణం నుంచి రెండు నెలలు కబురు లేదు. తర్వాత ఒక గురువారం చెల్లెలే స్వయంగా వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడింది. "నా కూర ఒక్కటే ఇవ్వండక్కా," అంది.

అత్తగారు వాసన చూసి ఇచ్చింది. ఆ అమ్మాయి అక్కడే మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి చూసింది. మళ్లీ చూసింది. ఆమె మూత పెట్టి తల ఊపేదాకా సాసమ్మ గరిటె పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఇప్పుడు ప్రతి గురువారం ఆ అమ్మాయి వస్తుంది. ప్రతి గురువారం గుమ్మంలోనే మూత తీసి వాసన చూస్తుంది. సాసమ్మ ప్రతిసారీ అలాగే నిలబడి ఉంటుంది.