కరుణ వాళ్లింటికి నేను వెళ్లాను

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నిద్ర పడుతుంది, కోర్టులో వాదిస్తాను, నలుగురితో నవ్వుతాను. ఆ మాట మాత్రం కదలదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది గద్వాల. మగ్గం మీద బతికిన ఇల్లు. డిగ్రీలో నా పక్కన కూర్చునే అమ్మాయి కరుణ. ధరూర్ వైపు పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. వాళ్ల అమ్మానాన్నలు పుణెలో కట్టడం పనులకు వెళ్లారు. ఇంట్లో ఆమె, వాళ్ల అవ్వ, ఇద్దరే. మేమిద్దరం లాయర్లం కావాలనుకున్నాం. కోచింగ్‌కు హైదరాబాదు పోయే వీలు ఇద్దరికీ లేదు. లా ఎంట్రెన్స్‌కు ఫోన్లోనే ఆన్‌లైన్ క్లాసుల్లో చేరాం. సాయంత్రం క్లాసు అయిపోగానే ఫోన్ చేసుకుని, రాజ్యాంగం మీద ఒకరికొకరు ప్రశ్నలు వేసుకునేవాళ్లం. ఆమె నాకంటే బాగా చదివేది. ఈ ఒక్క వాక్యం ఒప్పుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

వాళ్లింట్లో సిగ్నల్ సరిగా అందేది కాదు. ఒక ఆదివారం నేను వెళ్లి, ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి, కిటికీ కింద అవ్వ మంచం పక్కన బాగా అందుతుందని కనిపెట్టాను. అక్కడ కూర్చొమ్మని నేనే చెప్పాను. అవ్వకు అప్పటికే మతి తప్పింది. ఎప్పుడో పోయిన కూతురు ఎదురుగా ఉందనుకుని మాట్లాడుతూనే ఉండేది. అది గాదు బిడ్డా, రెండోది తియ్, రెండోది, అనేది. పెట్టెలోంచి చీర తీయమని చెప్పడం అది. ఆ మధ్యాహ్నమంతా ఆ మాటలు విన్నాను.

ఎంట్రెన్స్ దగ్గరపడ్డాక కోచింగ్ సార్ ఒక టెస్ట్ పెట్టారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు జిల్లాల్లో మొదట వచ్చిన ఒక్కరిని హైదరాబాదులో హాస్టల్లో ఉంచి పరీక్ష దాకా దగ్గర కూర్చోబెట్టి చదివిస్తామన్నారు. కెమెరా, మైకు తెరిచే ఉంచి రాయాలి. చప్పుడు కాకూడదని మా నాన్న ఆ పూట మగ్గం ఆపేశారు. కరుణ వాళ్ల అవ్వను ఆపేదెవరు?

కరుణ మొదట వచ్చింది. నేను రెండు.

మాదొకటే కాలేజీ అని సార్‌కు తెలుసు, మర్నాడు నాకు ఫోన్ చేశారు. కరుణ రాస్తున్నంతసేపూ వెనకాల ఎవరో ఆడమనిషి గొంతు వినపడిందని, 'రెండోది, రెండోది' అంటున్నదని, పక్కన కూర్చుని జవాబులు అందిస్తున్నట్టుందని అన్నారు. వాళ్లింట్లో ఎవరుంటారో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. ఎప్పుడైనా వాళ్లింటికి వెళ్లావా అని అడిగారు. లేదు సార్ అన్నాను.

అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. చాలాకాలం దీన్ని పట్టుకునే బతికాను. నేను చాడీ చెప్పలేదు, ఆమె కాపీ కొట్టిందని అనలేదు, సార్ అడిగినదానికి లేదని మాత్రం అన్నాను, ఆ పైన నిర్ణయం ఆయనది, ఒక్కసారి కరుణనే పిలిచి అడిగి ఉండొచ్చు కదా, ఎదుటివారి మాట వినకుండా తీర్పు ఇవ్వకూడదని మాకు పాఠం చెప్పింది ఆయనే కదా అని నాకు నేనే వాదించుకునేదాన్ని. నిజమేనా? ఆయనకు తెలియక చేశారు. నాకు తెలుసు. ఆ రెండోది జవాబు కాదని, చీర అని, ఈ లోకంలో కరుణ తర్వాత నాకొక్కదానికే తెలుసు.

ఆమెను జాబితాలోంచి, క్లాసుల్లోంచి కూడా తీసేశారు. తను చేస్తే సార్ ఫోన్ ఎత్తడం లేదని నా దగ్గరికి వచ్చి, అవ్వ సంగతి ఆయనకు చెప్పమని అడిగింది. చెప్తానన్నాను. రెండ్రోజులాగి, చెప్పాను గానీ సార్ వినలేదన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, నాకోసం సార్‌తోని కొట్లాడినవా అని బాధపడింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

హైదరాబాదు నేను వెళ్లాను. సీటు వచ్చింది. కరుణ ఆ ఏడు పరీక్షే రాయలేదు. తర్వాత కూడా రాయలేదు.

మొన్న గద్వాల కోర్టు ఆవరణలో కనిపించింది. పత్తి మిల్లులో పని చేస్తున్నదట. భూమి తగాదాలో ఉన్న పక్కింటి పెద్దమ్మకు తోడుగా వచ్చింది. నన్ను చూపించి, ఈమె నా దోస్తు, నాకోసం సార్‌తోని కొట్లాడింది అని ఆ పెద్దమ్మకు గర్వంగా చెప్పింది. ఆ పెద్దమ్మ నాకు దండం పెట్టింది. ఆ దండం నేను తట్టుకోలేకపోయాను.

ఆటోలు ఆగేచోటికి వాళ్ల వెంటే నడిచాను. కరుణను పక్కకు పిలిచాను.

"నేను సార్‌తోని మాట్లాడలే, కరుణా. నీకు అబద్ధం చెప్పిన."

"ఫోనే చెయ్యలేదా?"

"చెయ్యలే. అంతకుముందు సారే చేసి అడిగిండు. మీ ఇంటికి ఎన్నడు పోలేదన్న."

ఆమె నా కోటు వైపు చూసింది. ముఖం వైపు చూడలేదు.

"రాలేదన్నవా," అంది మెల్లగా. "మా అవ్వ నిన్ను బిడ్డ అనుకోని, ముంగట కూసుండవెట్టుకోని తల దువ్వింది గద."

దువ్వింది. నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసింది. ఈ సంగతి పైన మీకు కూడా చెప్పలేదు, చూశారా. ఒప్పుకుంటానని కూర్చున్నప్పుడు కూడా దాచుకోవాలనిపించింది.

అవ్వ ఎట్లున్నదని అడగబోయాను. ధరూర్ ఆటో వచ్చింది. కరుణ పెద్దమ్మ చెయ్యి పట్టి ఎక్కించి, తను ఎక్కింది. తిట్టలేదు. ఏడవలేదు. పోయొస్త అని కూడా అనలేదు.

క్షమించమని నేను అడగలేదు. ఏమని అడగాలి? ఆమె చదవాల్సిన చదువు నేను చదివాను. అది తిరిగి ఇచ్చేది కాదు. ఆమె ఇక నాతో మాట్లాడకపోవచ్చు. పల్లెలో అందరికీ చెప్పొచ్చు. చెప్పనీ. ఈ సంగతి తెలిసినదాన్ని ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే. ఇప్పుడు కాదు. నాకు దక్కింది అంతవరకే.